పడవ ఎక్కడ కారుతోంది?

ఇల్లు కారితే కింద గిన్నె పెట్టుకుంటాం. గిన్నె నిండితే పారబోస్తాం. ఎలాగో రాత్రి గడుస్తుంది. తెల్లారాక తాటాకు సర్దించుకుంటాం. పడవ కారితే అలా కాదు. పడవ నీళ్ళ మీద ఉంటుంది. లోపలికి వచ్చిన నీరు తనంతట తాను బయటికి పోదు. మనం తోడితేనే పోతుంది. తోడే చెయ్యి అలిసిపోతే పడవ బరువెక్కుతుంది. బరువెక్కిన పడవ అలకు లేవదు.

గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. గౌతమి ఒక వైపు, వసిష్ఠ ఒక వైపు. వాటి నడుమ లంకలు. కొన్ని లంకల వాళ్ళకి ఇప్పటికీ పడవే దారి. పిల్లలు బడికి పోవాలన్నా పడవే. పురిటి నొప్పులు వచ్చిన తల్లి ఆసుపత్రికి చేరాలన్నా పడవే. ఇక భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళలో పడవే పొలం, పడవే పాడి.

పడవ సంగతి మగవాళ్ళు చూసుకుంటారని అనుకుంటాం. కానీ పడవ బాగుచేయడానికి అప్పు తెచ్చేది ఎవరు? చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే. తడిసిన వల ఆరబెట్టేది ఎవరు? చేపల గంప నెత్తికెత్తుకునేది ఎవరు? పడవ తిరిగి వచ్చేదాకా రేవు వైపు చూస్తూ కూర్చునేది ఎవరు? అందుకే పడవ ఎందుకు కారుతుందో, ఎక్కడ కారుతుందో, ఎలా ఆపాలో ఆడవాళ్ళకీ తెలిసి ఉండాలి.

డెక్కు అంటే ఏమిటి?

చిన్న పడవ గిన్నెలా తెరిచి ఉంటుంది. వాన పడితే నేరుగా లోపలికే పడుతుంది. తోడుకుంటాం. అందులో దాపరికం లేదు.

కొంచెం పెద్ద నావకు పైన చెక్కలు పరుస్తారు. కొన్నిటికి ముందూ వెనకా మాత్రమే పరుస్తారు. కొన్నిటికి అంతా పరుస్తారు. ఇలా పైన పరిచిన దాన్నే డెక్కు అంటారు. మనిషి దాని మీద నిలబడతాడు. వల లాగుతాడు. తాడు కడతాడు. డెక్కు కింద చోటు ఉంటుంది. అక్కడ బియ్యం, మంచినీళ్ళ డబ్బా, పొయ్యి, వలలు, ఐసు పెట్టుకుంటారు.

ఇంటికి మిద్దె ఎలాగో పడవకు డెక్కు అలాగ. మిద్దె మీద పడ్డ వాన తూములోంచి కిందికి పోవాలి. డెక్కు మీద పడ్డ వాన, ఎగిరిపడ్డ అల పక్కనుంచి సముద్రంలోకి జారిపోవాలి. అలా జారకుండా కిందికి దిగిందంటే డెక్కు కారుతున్నట్టు.

డెక్కు కారితే పడవ ఒక్క రోజులో మునిగిపోదు. అదే చిక్కు. నాలుగు చుక్కలే కదా అని వదిలేస్తాం. ఆ నాలుగు చుక్కలు బియ్యాన్ని తడుపుతాయి. వలను ముక్కబెడతాయి. మేకును తుప్పు పట్టిస్తాయి. చెక్కను లోపలి నుంచి కుళ్ళబెడతాయి. పైన రంగు బాగానే ఉంటుంది. లోపల చెక్క రొట్టె ముక్కలా మెత్తబడి ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చెక్కను కుళ్ళబెట్టడంలో ఉప్పు నీటి కంటే వాన నీరే ముందుంటుంది. చెక్కను కుళ్ళబెట్టే బూజుకు ఉప్పు పడదు. వాన నీరు పడుతుంది. అందుకే సముద్రంలో తిరిగే నావలో కూడా చాలాసార్లు అడుగు చెక్క గట్టిగా ఉంటుంది. డెక్కు చెక్క ముందు పోతుంది.

కోరంగి పేరు విన్నారా?

పడవ పని ఈ గడ్డకు కొత్త కాదు. కాకినాడకు దక్షిణాన, తాళ్ళరేవు దగ్గర కోరంగి ఉంది. ఒకప్పుడు అది పెద్ద రేవు. అక్కడ ఓడలు కట్టేవారు. దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. అక్కడి నుంచి తెరచాప ఓడల్లో సరుకు బర్మాకు పోయేది. కూలి పనికి జనమూ పోయేవారు. అందుకే బర్మాలో తెలుగువాళ్ళను ‘కోరంగీలు’ అని పిలిచేవారు.

1789 డిసెంబరులో కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడింది. ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. 1839 నవంబరులో మళ్ళీ ఉప్పెన వచ్చింది. రేవు దెబ్బతింది. నది తెచ్చిన మేట కూడా పూడ్చింది. వ్యాపారం కాకినాడకు జరిగింది. కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకునేవి. ఒడ్డు నుంచి ఓడ దాకా సరుకును పడవల్లోనే చేరవేసేవారు. బియ్యం బస్తా తడిస్తే పడవవాడికి మాట పడేది, కూలి తెగేది. కాబట్టి పడవను పొడిగా ఉంచడం వాళ్ళకు బతుకుతెరువు.

ఇప్పుడు తెరచాప పడవలు తగ్గిపోయాయి. ఇంజన్లు వచ్చాయి. ఫైబర్ పడవలు వచ్చాయి. అయినా నీటి గుణం మారలేదు. సందు దొరికితే దిగుతుంది. పల్లం వైపు పోతుంది.

పై నీరా, కింది నీరా?

పడవలో నీళ్ళు చేరాయి. మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. ఆ నీరు పైనుంచి దిగిందా? కింది నుంచి ఊరిందా?

రుచి చూసి చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. ఉప్పగా ఉంటే సముద్రం నీరు, చప్పగా ఉంటే వాన నీరు అని. కానీ పడవ అడుగు నీళ్ళలో డీజిలు ఉంటుంది. కుళ్ళిన చేప ఉంటుంది. అది నోట పెట్టకూడదు. పైగా వరద రోజుల్లో గోదావరి నోటి దగ్గర కూడా నీరు చప్పగానే ఉంటుంది. డెక్కు మీదికి ఎగిరిన అల ఉప్పగానే ఉంటుంది. కాబట్టి రుచి మోసం చేస్తుంది.

దీనికి మంచి మార్గం ఉంది. ముందు నీళ్ళన్నీ తోడెయ్యండి. అడుగు గుడ్డతో తుడవండి. పడవను రేవులో తేలుతూనే ఉంచండి. వాన లేని రోజు చూడండి. మర్నాటికి మళ్ళీ నీళ్ళు చేరితే అది కింది నీరు. అంటే అడుగు చెక్కల్లోనో, పక్క చెక్కల్లోనో చిల్లు ఉంది. ఇది తొందర పని. అలాంటి పడవను వేటకు పంపకూడదు. జనాన్ని ఎక్కించకూడదు. ముందు ఒడ్డుకు లాగించాలి.

వాన లేనప్పుడు పొడిగా ఉండి, వాన పడ్డాక నీళ్ళు చేరితే అది పై నీరు. అంటే డెక్కు కారుతోంది.

ఒక మాట. చెక్క పడవను ఎండలో చాలా రోజులు ఒడ్డున ఉంచితే చెక్క ఎండి ముడుచుకుంటుంది. సందులు తెరుచుకుంటాయి. మళ్ళీ నీళ్ళలోకి తోసిన మొదటి రోజు కింది నుంచి నీరు ఊరుతుంది. చెక్క నీరు తాగి ఉబ్బాక సందులు మూసుకుంటాయి. ఎండిన కుండను నానబెట్టినట్టే. దీన్ని చూసి కంగారు పడక్కర్లేదు. కానీ రెండు మూడు రోజులైనా ఊట ఆగకపోతే మాత్రం చిల్లు ఉన్నట్టే.

నీరు దిగే చోటు వేరు, కనిపించే చోటు వేరు

డెక్కు కారడంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. చుక్క ఎక్కడ పడుతోందో నీరు అక్కడే దిగుతోందని అనుకోకూడదు.

పెంకుటిల్లు సంగతి మీకు తెలుసు. పెంకు పగిలేది వెన్ను దగ్గర. నీరు వాసం పట్టుకుని జారుతుంది. చుక్క పడేది ఎక్కడో మంచం మీద. మంచం పైన ఉన్న పెంకు మారిస్తే ఏం లాభం? మళ్ళీ వాన పడితే మళ్ళీ మంచం తడుస్తుంది.

పడవలోనూ అంతే. నీరు డెక్కు మీద ఒక సందులోంచి దిగుతుంది. చెక్క అడుగు పట్టుకుని పాకుతుంది. అడ్డ దూలం తగిలితే దాని వెంట పోతుంది. ఎక్కడ పల్లం ఉంటే అక్కడ చుక్కగా రాలుతుంది. దిగిన చోటుకూ రాలిన చోటుకూ మధ్య రెండు మూడు బారల దూరం కూడా ఉండొచ్చు.

పైగా పడవ ఎప్పుడూ ఒకే వాలులో ఉండదు. ఒడ్డున ఒరిగి ఉన్నప్పుడు ఒక వాలు. నీళ్ళలో తేలుతున్నప్పుడు ఒక వాలు. వెనక ఇంజను బరువు, ముందు వల బరువు. బరువు మారితే వాలు మారుతుంది. వాలు మారితే చుక్క పడే చోటు మారుతుంది. అందుకే “నిన్న ఇక్కడ కారింది, ఇవాళ అక్కడ కారుతోంది, పడవంతా పోయింది” అని బెంగపడతారు. పడవంతా పోలేదు. సందు ఒకటే కావచ్చు. నీరు దారి మార్చింది, అంతే.

కాబట్టి చుక్క పడే చోటు నుంచి ఎగువకు వెతకాలి. తడి చారను పట్టుకుని వాలుకు ఎదురు నడవాలి. కాలవకు నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలంటే ఎగువకే కదా పోతాం.

ముందు అనుమానించాల్సిన చోట్లు

డెక్కు మధ్యలో ఉన్న బాగున్న చెక్కలోంచి నీరు దిగదు. ఎక్కడ చెక్క తెగిందో, ఎక్కడ తొలిచారో, ఎక్కడ రెండు కలిశాయో అక్కడ దిగుతుంది. ఈ చోట్లు చూడండి.

ఒకటి. చెక్కకూ చెక్కకూ మధ్య సందు. పాత నార ఊడిపోయిందేమో చూడండి.

రెండు. డెక్కు, పడవ పక్క కలిసే మూల. పడవ ఊగినప్పుడల్లా ఆ అతుకు మీద బలం పడుతుంది.

మూడు. తాడు కట్టే గుంజలు. లంగరు తాడు గుంజినప్పుడల్లా దాని కింది బోల్టు కొంచెం కదులుతుంది. కదిలిన బోల్టు చుట్టూ సందు పడుతుంది.

నాలుగు. తెరచాప కొయ్య డెక్కులోంచి కిందికి దిగే రంధ్రం. గాలి ఊపుకు కొయ్య కదులుతుంది. అక్కడి కట్టు వదులవుతుంది.

ఐదు. కిందికి దిగే ద్వారం మూత. మూత సరిగా కూర్చోకపోయినా, అంచు పొట్టిగా ఉన్నా నీరు దూరుతుంది.

ఆరు. ఊడదీసిన పాత మేకుల చిల్లులు. ఎప్పుడో ఏదో బిగించారు, తర్వాత తీసేశారు. చిల్లు మాత్రం ఉండిపోయింది.

ఏడు. నీళ్ళు నిలిచే పల్లం. పక్కనున్న నీటి కన్నం చెత్తతో, చేప పొలుసుతో పూడిపోతే నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు సందు కోసం వెతుకుతుంది.

ముగ్గుపిండితో పరీక్ష

ఇది ఇద్దరు చేసే పని. ఒకరు పైన, ఒకరు కింద. ఎండగా ఉన్న రోజు పెట్టుకోండి.

ముందు డెక్కు కింద సామానంతా తీసెయ్యండి. డెక్కు చెక్కల అడుగు భాగాన్ని గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. తర్వాత పొడి ముగ్గుపిండిని గుడ్డతో అద్దండి. సందుల వెంట, బోల్టుల చుట్టూ, దూలాల పక్కన అద్దండి. సుద్దముక్కతో రుద్దినా సరే. తడి తగలగానే తెల్ల పిండి మీద నల్ల చార కనిపిస్తుంది. ఒట్టి చెక్క మీద కనపడని తడి పిండి మీద దొరికిపోతుంది.

ఇప్పుడు పైకి రండి. డెక్కు మీద అనుమానం ఉన్న చోటల్లా సుద్దముక్కతో ఒక అక్షరం రాయండి. అ, ఆ, ఇ, ఈ. వరసగా రాయండి. ‘అ’ అన్నిటికంటే పల్లంలో ఉన్న చోటు కావాలి. అక్కడి నుంచి మెరక వైపు పోవాలి.

ఎందుకలా? మెరక మీద ముందు నీళ్ళు పోస్తే ఆ నీరు జారి అన్ని చోట్లా తడుపుతుంది. అప్పుడు ఏ సందులోంచి దిగిందో తెలియదు. కింది నుంచి మొదలుపెడితే ఒక్కో చోటూ విడిగా తేలుతుంది.

‘అ’ దగ్గర చెంబుతో నెమ్మదిగా నీళ్ళు పోయండి. ఒక్కసారి కుమ్మరించొద్దు. పది, పదిహేను నిమిషాలు ఆ ఒక్క చోటే తడుపుతూ ఉండండి. కింద ఉన్నవాళ్ళు టార్చిలైటు వేసి చూడాలి. తడి కనిపిస్తే కేక వెయ్యాలి. కనిపించకపోతే ‘ఆ’ దగ్గరికి పోండి. తొందరపడి రెండు చోట్లా ఒకేసారి పొయ్యొద్దు.

బోల్టు మీద గట్టి అనుమానం ఉంటే ఇంకో పద్ధతి ఉంది. దాని చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టండి. వరిమడికి గట్టు కట్టినట్టే. అందులో నీళ్ళు నింపి వదిలెయ్యండి. గంట తర్వాత చూడండి. నీరు తగ్గి, కింద తడి కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ నీళ్ళలో బట్టల నీలం కొంచెం కలిపితే కింద చార నీలంగా కనిపిస్తుంది. ఇక సందేహం ఉండదు.

వేరే దేశాల్లో విహారానికి తిరిగే తెరచాప పడవల్లో దీన్ని తిరగేసి చేస్తారు. తలుపులు మూసి లోపలికి గాలి కొడతారు. పైన డెక్కు మీద సబ్బునీళ్ళు రాస్తారు. సందు ఉన్న చోట బుడగలు వస్తాయి. సైకిలు ట్యూబును నీళ్ళలో ముంచి పంక్చరు కనిపెట్టినట్టే. యంత్రం వేరైనా తెలివి ఒకటే. ముందు చోటు కనిపెట్టు, తర్వాత మందు వెయ్యి.

కాగితం మీద రాసి పెట్టండి

చదువు ఇక్కడ పనికొస్తుంది. ఒక కాగితం మీద పడవ బొమ్మ గీయండి. చింతగింజ ఆకారంలో గీస్తే చాలు. పడవ ముందు వైపు ‘ముందు’ అని, వెనక వైపు ‘వెనక’ అని రాయండి. కొయ్య, మూత, గుంజలు ఎక్కడ ఉన్నాయో చుక్కలు పెట్టండి. పక్కన అ, ఆ, ఇ, ఈ రాయండి. పరీక్షలో తేలింది రాయండి.

“అ – మూల – కారలేదు.”
“ఆ – ఎడమ గుంజ – కారింది.”
“ఇ – మూత – కొంచెం చెమ్మ.”

తర్వాత ప్రతి వానకూ తేదీ వేసి, ఎన్ని బక్కెట్లు తోడారో రాయండి. ముందు నాలుగు బక్కెట్లు తోడేవారు. బాగుచేశాక వచ్చిన వానకు సగం బక్కెట్టు తోడారు. అంటే పని పట్టింది. మళ్ళీ నాలుగు బక్కెట్లే అయితే వేరే సందు ఉంది. నోటి లెక్క మరిచిపోతాం. కాగితం మరిచిపోదు.

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు కూడా ఈ కాగితం చేతిలో ఉండాలి. “అంతా తారు పూసేద్దామమ్మా, సరిపోద్ది” అని ఆయన అనొచ్చు. “అలాగే మేస్త్రీగారూ, ముందు ఈ గుంజ బోల్టు ఊడదీసి చూడండి. నీరు ఇక్కడే దిగుతోంది” అని మీరు చెప్పొచ్చు. అప్పుడు కూలి ఆ ఒక్క పనికే పోతుంది. తారు డబ్బులు మిగులుతాయి.

చెయ్యకూడని పనులు

కింది నుంచి పూడ్చకూడదు. చుక్క పడే చోట లోపలి నుంచి మైనమో, సిమెంటో పులమడం చాలామంది చేసే పని. చుక్క ఆగుతుంది. కానీ నీరు ఆగదు. పైనుంచి దిగిన నీరు చెక్కలోనే చిక్కుకుంటుంది. చెక్క నానుతూనే ఉంటుంది. పుండు కడగకుండా పైన కట్టు కట్టినట్టే. పైకి కనపడదు, లోపల చీము పడుతుంది.

తడి చెక్క మీద ఏదీ పూయకూడదు. తారైనా, రంగైనా, బంకైనా తడి మీద పట్టదు. వారానికే పొరలా లేచిపోతుంది.

బోల్టు తల చుట్టూ పైపైన బంక రాసి వదిలెయ్యకూడదు. బోల్టు మళ్ళీ కదలగానే బంక పగులుతుంది.

బాగుచేసే పద్ధతి

చెక్క సందు అయితే ఇలా చెయ్యాలి. పాత నార, పాత తారు ఊడగీకాలి. సందు లోపల శుభ్రం చెయ్యాలి. బాగా ఆరనివ్వాలి. ఒక మేకుతో రెండు పక్కలా చెక్కను గుచ్చి చూడాలి. గట్టిగా ఉంటే సరే. మేకు మెత్తగా దిగితే ఆ చెక్క కుళ్ళింది. కుళ్ళిన ముక్క కోసి కొత్తది వెయ్యాల్సిందే. కుళ్ళు మీద ఎంత నార కూరినా నిలవదు.

చెక్క బాగుంటే దూది పేటో, జనపనారో నూనెలో తడిపి సందులో కూరాలి. మొద్దు ఉలి, సుత్తితో నెమ్మదిగా కొట్టాలి. మరీ బిగించి కొట్టకూడదు. ఎండాకాలంలో చెక్క ముడుచుకుని ఉంటుంది. వానాకాలం ఉబ్బుతుంది. అప్పటికే నార రాయిలా ఉంటే ఉబ్బిన చెక్క ఎటు పోతుంది? మేకులను పెకలిస్తుంది. కాబట్టి ఉబ్బడానికి కొంత చోటు ఉంచాలి.

నార మీద గుగ్గిలం వెయ్యాలి. గుగ్గిలం అంటే చెట్టు నుంచి వచ్చే బంక. దాన్ని పొడి చేసి నూనెలో కాస్తారు. పాకం వేడిగా ఉన్నప్పుడే సందులో పోసి నున్నగా చేస్తారు. ఈ రోజుల్లో కొట్లో దొరికే రబ్బరు లాంటి బంకలు కూడా వాడుతున్నారు. ఏది వాడినా చెక్క పొడిగా ఉండాలి.

గుగ్గిలం కాచేటప్పుడు జాగ్రత్త. అది ఇట్టే అంటుకుంటుంది. తాటాకు ఇళ్ళకు దూరంగా, గాలి తక్కువగా ఉన్నప్పుడు కాయాలి. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. పక్కన ఇసక, గట్టి మూత పెట్టుకోవాలి. మంట లేస్తే మూత వెయ్యాలి, లేదా ఇసక పొయ్యాలి. నీళ్ళు మాత్రం పొయ్యకూడదు. కాగే నూనెలో నీళ్ళు పడితే మంట ఎగిసి మీద పడుతుంది.

బోల్టు అయితే పూర్తిగా ఊడదీయాలి. చిల్లును శుభ్రం చేసి ఆరనివ్వాలి. చిల్లు పెద్దదైతే చెక్క మేకు చేసి దిగ్గొట్టి, మళ్ళీ కొత్త చిల్లు తొలవాలి. బోల్టుకు బంక పూసి, వెడల్పాటి వాషరు వేసి బిగించాలి. గుంజ కింద డెక్కుకు అడుగున ఒక మందపాటి చెక్క ముక్క వేస్తే బలం నలుగు దిక్కులా పంచుకుంటుంది. బోల్టు కదలదు.

మూత అయితే దాని ద్వారం చుట్టూ గడపలా అంచు ఎత్తు చెయ్యాలి. ఇంటికి గడప ఉంటే వాకిలి నీళ్ళు లోపలికి రావు కదా. మూత అంచుకు పాత సైకిలు ట్యూబు ముక్క కోసి అతికిస్తే సందు మూసుకుంటుంది.

అన్నిటికంటే చవకైన పని ఇంకొకటి ఉంది. నీటి కన్నాలు రోజూ శుభ్రం చెయ్యడం. దానికి ఒక పుల్ల, ఒక చీపురు చాలు. డెక్కు మీద నీరు నిలవకపోతే సగం కారుడు తగ్గుతుంది.

ఫైబర్ పడవ కారదా?

ఫైబర్ పడవకు చెక్క సందులు ఉండవు. అందుకని కారదనుకుంటారు. కానీ దానికీ బోల్టులు ఉన్నాయి. మూతలు ఉన్నాయి. డెక్కు, పక్క కలిసే అతుకు ఉంది. రాయికి కొట్టుకుంటే చీలిక పడుతుంది. కొన్నిటిలో రెండు పొరల మధ్య చెక్క గానీ, స్పాంజి లాంటి నురుగు ముక్క గానీ ఉంటుంది. బోల్టు చిల్లులోంచి నీరు దిగి అందులో చేరితే పడవ లోలోపలే బరువెక్కుతుంది. కాలితో తొక్కితే మెత్తగా దిగుతుంది. సుత్తి పిడితో తట్టి చూడండి. బాగున్న చోట ‘టక్’ మంటుంది. నానిన చోట మొద్దుగా మోగుతుంది.

చీలికను రుద్ది, ఆరబెట్టి, ఫైబర్ గుడ్డ మీద రెసిన్ పూసి అతుకుతారు. రెసిన్‌లో గట్టిపడే మందు కలుపుతారు. ఆ మందు కంటికి చాలా ప్రమాదం. కంట్లో పడితే వెంటనే మంచినీళ్ళతో పావుగంట సేపు కడిగి ఆసుపత్రికి తీసుకుపోవాలి. చేతులకు తొడుగులు ఉండాలి. దగ్గర బీడీ, పొయ్యి ఉండకూడదు. ఆ డబ్బాలు పిల్లలకు అందకూడదు.

ఎప్పుడు చెయ్యాలి?

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట ఆపుతారు. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆపుతారు. 2015 నుంచి ఇది 61 రోజులు. అప్పుడు పడవలు ఒడ్డునే ఉంటాయి. ఎండ ఉంటుంది. చెక్క ఆరుతుంది. వెతకడానికీ బాగుచేయడానికీ అదే మంచి అదను. దాటిపోతే వరద వస్తుంది. వరద వెనకే తుపానుల కాలం వస్తుంది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను పడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళిన జాలర్లు ఎందరో తిరిగి రాలేదు. అంత గాలికి ఎంత మంచి పడవా ఆగదు. తుపాను కబురు వస్తే పడవ కదలకూడదు. అది మొదటి మాట. కానీ కబురు వినగానే వెనక్కి రావాలన్నా పడవ బాగుండాలి. తోడుతూ కూర్చున్న మనిషి చుక్కాని పట్టలేడు. ఒక చెయ్యి తోడడానికే పోతే ఒడ్డుకు చేర్చే చెయ్యి తక్కువైనట్టే.

అందుకే బయలుదేరే పడవలో కొన్ని ఎప్పుడూ ఉండాలి. తోడడానికి డబ్బా లేక బక్కెట్టు. చిల్లులో కొట్టడానికి రెండు మూడు చెక్క మేకులు. పాత గుడ్డలు. మనిషికొక లైఫ్ జాకెట్. సముద్రంలో చిల్లు పడితే గుడ్డ చుట్టిన చెక్క మేకు దిగ్గొట్టి, తోడుకుంటూ ఒడ్డుకు రావాలి. అది ఒడ్డుకు చేరేదాకానే. బాగుచేసినట్టు కాదు.

రేవు దాటే పడవలో ఎక్కేటప్పుడు కూడా ఒకసారి అడుగు చూడండి. కాళ్ళ కింద నీళ్ళు ఉన్నాయా? పడవవాడు తోడుతూనే ఉన్నాడా? ఉంటే ఎక్కొద్దు. పిల్లలను ఎక్కించొద్దు. “బాబూ, ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి?” అని అడగండి. అడగడం తప్పు కాదు.

చదివారు కదా. ఇప్పుడు చెప్పండి.

1. వాన లేని రోజు పడవలో నీళ్ళు చేరితే అది పై నీరా, కింది నీరా?
2. నీళ్ళు పోసి పరీక్షించేటప్పుడు పల్లం నుంచి ఎందుకు మొదలుపెట్టాలి?
3. లోపలి నుంచి పూడిస్తే చెక్కకు ఏమవుతుంది?
4. గుగ్గిలం అంటుకుంటే ఏం చెయ్యాలి? ఏం చెయ్యకూడదు?
5. మీ ఊరి రేవులో ఉన్న పడవ బొమ్మ గీసి, అది ఎక్కడెక్కడ కారవచ్చో అక్షరాలతో గుర్తు పెట్టండి.